ఓబులేసు చేతికిచ్చిన డబ్బా

గులాబ్‌బీ నోట్లోంచి మా మరిది పేరు ఊడిపడిన చోట పోయిన వారం ఈ కథ ఆపాను. చదివినవాళ్ళు కాస్త ఓపిక పట్టండి, చదవనివాళ్ళకు నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను.

నా పేరు వెంకటసుబ్బమ్మ. జమ్మలమడుగు బస్టాండు వెనక కారం దోసెల అంగడి నాది. పన్నెండేళ్ళ కిందట, నాకు ముప్పై మూడేళ్ళప్పుడు, పులివెందులలో ఒక నర్సింగ్ హోంలో గర్భసంచి తీసేశారు. ఇంక నీకు ఆడరోగాలేవీ రావు, సంచే లేదు కదా అన్నారు అందరూ. నేనూ నమ్మాను. రెండేళ్ళ కిందట చీరకు రక్తం మరక కనపడితే, సంచి లేనిదానికి రక్తమెక్కడిదిలే అని చీర మార్చుకుని పెనం ముందు నిలబడ్డాను. ఈ తెలివితక్కువ లెక్క నాదొక్కదానిదే కాదు, మా వైపు ఏ వీధిలో అడిగినా నలుగురు ఇదే చెప్తారు. చివరికి ప్రొద్దుటూరు డాక్టరమ్మ చూసి, సంచి పోయినా సంచికి పోయే దారి ఉంటుందమ్మా, ఆ దారి పైకొసన గడ్డ ఉంది అని చెప్పింది. యోని క్యాన్సర్. ఆడవాళ్ళకొచ్చే ఈ జాతి క్యాన్సర్లలో వందకు ఒకటో రెండో ఉంటాయట ఇట్లాంటివి. వందలో ఆ ఒక్కటీ వెతుక్కుంటూ నా దోసెల అంగడికి వచ్చింది.

కోస్తే మూత్రం సంచి, పేగు కూడా పోయే ప్రమాదం ఉందని కరెంటు పెట్టారు. రేడియేషన్ అని వాళ్ళంటారు, మేం కరెంటనే అంటాం. బయటినుంచి పెట్టేవి ఇరవై అయిదూ అయిపోయాయి. నడుమ రక్తకణాలు పడిపోయి ఒక వారం ఆగింది. ఇప్పుడు మిగిలింది లోపలి కరెంటు. గడ్డ పలచగా ఉంటే ఒక గొట్టం పెట్టి సరిపెట్టేవాళ్ళట. నాది మందం కాబట్టి గడ్డలోకి సూదులు గుచ్చి, ఆ సూదుల్లోంచి పెడతారు. రేపు గురువారం పొద్దున ఏడింటికి నేను ఆసుపత్రిలో ఉండాలి. మొదటి కరెంటు నుంచి చివరిదాకా ఎనిమిది వారాల్లో ముగియాలని డాక్టరమ్మ పట్టు. ఆ ఎనిమిది వారాలు సోమవారంతో నిండుతాయి.

ఆమె ఇంకోటి కూడా అడిగింది. అప్పుడు తీసిన సంచిని పరీక్షకు పంపే ఉంటారు కదా, ఆ కాగితం కావాలి అంది. కోసిన అంచున అప్పట్లో ఏముందో తెలిస్తే సూదులు ఎంతవరకు గుచ్చాలో తెలుస్తుంది, తెలియకపోతే అనుమానం మీద ఎక్కువ మేర పెట్టాలి, అప్పుడు పేగుకు దెబ్బ అంది. నర్సింగ్ హోం మూసేసి ఏడేళ్ళయింది. అందుకే బుధవారం పూట, జిలానీ ఆటోలో నేను, వెనకాల మోటారుసైకిల్ మీద మా ఆయన నారాయణ, పులివెందులకు వచ్చి, అప్పట్లో అక్కడ నర్సుగా చేసిన గులాబ్‌బీని పట్టుకున్నాం.

"సంచిని డబ్బాలో ఏసి, మందునీళ్ళు పోసి, మూత బిగించి మీ మరిది ఓబులేసు చేతికే ఇచ్చినా," అంది గులాబ్‌బీ. "ప్రొద్దుటూరు ల్యాబుకు తీస్కపో నాయనా, వారానికి కాగితమిస్తారు అని చెప్పి పంపినా. అప్పుడంతా అట్లే గదమ్మా, పేషెంటోళ్ళే మోసుకపోయేది."

నా ఒంట్లోంచి తీసినదాన్ని ఓబులేసు డబ్బాలో పెట్టుకుని పోయాడని పన్నెండేళ్ళ తర్వాత నాకు తెలిసింది. అప్పట్లో నేను మంచంలో ఉన్నాను, మా ఆయన కువైట్‌లో డ్రైవరు పనిలో ఉన్నాడు. ఓబులేసు వచ్చి "అంతా బాగుందంట వదినా" అన్నాడు, నేను సరే అన్నాను. దాన్ని పరీక్షకు పంపుతారని కూడా నాకు తెలియదు.

గులాబ్‌బీ మాట ముగించకముందే మా ఆయన లేచాడు. మొహం పెనం అడుగులా నల్లబడిపోయింది. "వాన్ని ఈ పొద్దు సంపుతా" అన్నాడు. చెప్పులు గులాబ్‌బీ వాకిట్లోనే ఉన్నాయి, మనిషి బండెక్కి వీధి మలుపు తిరిగిపోయాడు.

ఓబులేసుకు ఊరి చివర అరటికాయల మండీ ఉంది. అక్కడికే పోయాడని చెప్పనక్కర్లేదు.

"అక్కా, గట్టిగా పట్టుకో, ఈ రోడ్డుకు స్పీడ్ బ్రేకర్లు శానా ఉండాయి," అన్నాడు జిలానీ. ఇరవై అయిదు కరెంట్లకూ నన్ను తిప్పినవాడు. గాలి దిండు మీద పక్కకు ఒరిగి తప్ప కూర్చోలేనని, తొడల సందున చర్మం కాలి ఊడుతోందని నేను చెప్పకపోయినా వాడికి తెలుసు. గులాబ్‌బీ కూడా కొంగు బిగించి నా పక్కన ఎక్కింది. డెబ్బై ఏళ్ళ మనిషిని వద్దని ఆపే తీరిక ఎవరికీ లేదు.

ఒకటి దాచకుండా చెప్తాను. ఆ ఆటోలో నాకు సంతోషంగా ఉండింది. మా ఆయన మెత్తని మనిషి. నా మీద అంగడి దగ్గర ఎవడు నోరు పారేసుకున్నా, పోనీలే సుబ్బమ్మా అనేవాడే తప్ప ఒక్కసారి చొక్కా పట్టుకున్నది లేదు. నేను కరెంటు పెట్టించుకుంటున్నానని తెలిశాక, నా చేతి దోసె తింటే తమకూ ఆ కరెంటు పాకుతుందని సగం మంది తినడం మానేశారు. అప్పుడు కూడా ఆయన కిమ్మనలేదు. అట్లాంటి మనిషి నాకోసం తమ్ముణ్ణి చంపడానికి పోతున్నాడు. చంపకూడదు, అది వేరే సంగతి. కానీ పోతున్నాడు కదా అనుకుని మురిసిపోయాను. నా అంత పిచ్చిది ఆ పూట పులివెందులలో ఇంకొకతె ఉండదు.

మేం చేరేసరికి మండీలో పనిచేసేవాళ్ళు నలుగురూ బయటికి ఉరికొస్తున్నారు. ఒకడి చొక్కా నిండా రక్తం. అది వాడిది కాదని వాడే అరిచి చెప్తూ పోయాడు.

లోపల సగం దాకా అరటి గెలలు పేర్చి ఉన్నాయి. వాటి నడుమ ఓబులేసు వెల్లకిలా పడి ఉన్నాడు. మా ఆయన చేతిలో గెలలు కోసే కత్తి ఉంది. మొదటి వేటు తల మీద పడకుండా ఓబులేసు చెయ్యి అడ్డం పెట్టుకున్నట్టున్నాడు, ముంజెయ్యి మోచేతి దాకా తెరుచుకుపోయింది. రక్తం గెలల మీద, గోడ మీద, నేల మీద ఉంది. అరటి జిగురు, రక్తం కలిసి కాలు పెడితే జారుతోంది.

నేను గుమ్మంలో నిలబడి చూస్తుండగానే ఓబులేసు మోకాలు ఎత్తి మా ఆయన పొట్టలో పొడిచాడు. పక్కకు దొర్లి, గెలలు వేలాడదీసే ఇనుప కొక్కెం అందుకుని మొహం మీదికి విసిరాడు. కనుబొమ్మ చిట్లి మా ఆయన కంట్లోకి రక్తం దిగింది. తుడుచుకోలేదు. మీదికి పోయి ఛాతీ మీద మోకాలు వేసి కూర్చున్నాడు. జిలానీ వెనకనుంచి రెండు చేతులూ వేసి పట్టుకున్నాడు.

"నారాయణన్నా, వద్దన్నా, సచ్చిపోతాడన్నా."

మోచేత్తో ఒక్కటిచ్చాడు మా ఆయన. జిలానీ మూతి పట్టుకుని వెనక్కి పడ్డాడు, ముందు పన్ను ఒకటి నేల మీద ఉంది.

"ఓబులేసూ," అన్నాను నేను. "ఆ డబ్బా ఏం చేసినావు?"

ఓబులేసు నా గొంతు విని తల తిప్పాడు. "వదినా, డబ్బా నేను..."

కత్తి పిడితో మూతి మీద కొట్టాడు మా ఆయన. పెదవి చీలింది.

"చెప్పనీ," అన్నాను. "ఓబులేసూ, ల్యాబుకు తీస్కపోయినావా, యాడన్నా పారేసినావా? అది చెప్పు నాకు."

"తీస్కపోయినా వది..."

మళ్ళీ మూతి మీదే. ఈసారి లోపల ఏదో విరిగిన చప్పుడు నాకు వినపడింది.

ఇరవై ఏళ్ళు పెనం ముందు నిలబడ్డదాన్ని. ఎవరు ఆకలికి తింటున్నారో, ఎవరు ఇంటికి పోవడం ఇష్టం లేక తింటున్నారో ముద్ద ఎత్తే తీరు చూసి చెప్పగలను. కోపంతో కొట్టే మనిషి ఎక్కడ దొరికితే అక్కడ కొడతాడు. మా ఆయన మూతి మీదే కొడుతున్నాడు. అది కూడా నేను అడిగినప్పుడే కొడుతున్నాడు. వచ్చినప్పటినుంచి తమ్ముణ్ణి ఒక్క మాట అడగలేదు. ఎందుకు చేసినావురా అని గానీ, ఏం చేసినావురా అని గానీ నోరు విప్పలేదు. తెలుసుకోవాలని వచ్చినవాడు అడగడా?



"నారాయణా," అన్నాను.

మా ఇళ్ళల్లో మొగుణ్ణి పేరు పెట్టి పిలవం. ఓట్ల లిస్టులో పేరు అడిగితే కూడా పక్కవాళ్ళతో చెప్పించేదాన్ని. ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఆయన పేరు నా నోటినుంచి రావడం అదే మొదలు. కత్తి ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగాడు. నా వైపు తిరిగాడు. ఆ ఒంటికంటి చూపులో కోపం లేదు. దొరికిపోయినవాడి చూపు అది, నేను బాగా ఎరిగినదే. పాలలో నీళ్ళు కలుపుతూ పట్టుబడిన పాలామె ఇట్లానే చూసేది.

"వాన్ని చెప్పనీ," అన్నాను.

"నువ్వు బయటికి పో సుబ్బమ్మా," అన్నాడు. అని, కత్తి పిడి కాకుండా అంచు తిప్పి ఓబులేసు గొంతు మీదికి ఎత్తాడు.

ఎలక్ట్రానిక్ కాటా వచ్చాక పనిలేని పాత తూకపు గుండ్లు తలుపు దగ్గర పడేసి ఉన్నాయి. అయిదు కిలోల గుండు చేతికందింది. బిందె నీళ్ళు కూడా మోయకూడదని నాకు చెప్పి ఉన్నారు. రెండు చేతులా ఎత్తి, రెండు అడుగులు వేసి, కత్తి పట్టుకున్న మణికట్టు మీద వేశాను. ఎండుకట్టె విరిగినట్టు విరిగింది. కత్తి ఓబులేసు చెవి పక్కన నేల మీద పడింది. మా ఆయన అరవలేదు. చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, తమ్ముడి ఛాతీ మీదనుంచి దిగి, గెలల మీదికి ఒరిగి కూర్చున్నాడు. జిలానీ కత్తిని కాలితో గోడ వైపు తన్నాడు.

"ఇప్పుడు చెప్పు," అన్నాను ఓబులేసుతో.

గులాబ్‌బీ వాడి తలగుడ్డతోనే ముంజేతిని బిగించి కట్టింది. వాడు రక్తం ఉమ్మి, ఉమ్మి, చెప్పాడు.

"ప్రొద్దుటూరు బస్సెక్కినా వదినా. ఒళ్ళో పెట్టుకోని కూర్చున్యా. మందు వాసనకు పక్కనామె ఏం పచ్చడప్పా అది అని అడిగె. మా వదిన పెట్టిన ఊరగాయ అన్న్యా. ల్యాబులో ఇచ్చినా. వారానికి పోతే కాగితమిచ్చినారు. ఇంగ్లీషులో ఉండె. ఆడ ఒకాయన నా మొగం జూసి, ఎనకపక్క తెలుగులో రాసిచ్చె. ఆమెకు సదివి ఇనిపియ్యి, మర్చిపోవద్దు అని రెండు మాట్లు చెప్పె."

"ఆ కాగితం?"

"ఆ పొద్దే కువైట్‌కు ఫోన్ జేసి అన్నకు సదివినా. మొత్తం సదివినా. కాల్చెయ్ రా, వదినకు చెప్పొద్దు అన్న్యాడు."

గెలల నడుమ కూర్చున్న మనిషి వైపు చూశాను. ఆయన తల ఎత్తలేదు.

"కాల్చినావా?"

"మనసొప్పలే. పాసుబుక్కుల కవర్లో పెట్టినా. ఆ బల్ల సొరుగులో ఉండాది."

సొరుగు నేనే లాగాను. పొలం పాసుబుక్కుల నడుమ నాలుగు మడతల కాగితం ఉంది. ఇంగ్లీషు పక్క నాకెందుకు, తిప్పాను. నీలం సిరా, గుండ్రటి అక్షరాలు. 'గర్భసంచి ముఖద్వారము కోసిన అంచున చెడు కణములు ఉన్నవి. ఇది ఇంకా క్యాన్సర్ కాదు. ఆరు నెలలకొకసారి తప్పక పరీక్ష చేయించవలెను. అశ్రద్ధ చేసినచో ప్రమాదము.' కింద తేదీ ఉంది. పన్నెండేళ్ళ కిందటి శ్రావణ మాసం. ఆ నెలలోనే నేను మంచం దిగి, ఇంక రోగాలు లేవని అమ్మవారికి పొంగలి పెట్టి వచ్చాను.

ముఖం తెలియని ఆ ల్యాబు మనిషి అంత ఓపిగ్గా నాకోసం తెలుగులో రాశాడు. నావాళ్ళిద్దరూ కలిసి దాన్ని సొరుగులో వేశారు. అదనుకుంటే నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళంతా మంట పుట్టింది.

ముందు ఓబులేసు చెంప మీద కొట్టాను. పగిలిన నోరని చూడలేదు.

"పన్నెండేండ్లు నా చేతి దోసెలు తిన్నావు గదరా. నోరు విప్పేదానికి ఒక్క పొద్దు దొరకలేదా నీకు?"

వాడు చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. "అన్న మాట దాటలేకపోయినా వదినా," అన్నాడు.

తర్వాత మా ఆయన ముందుకు పోయి నిలబడ్డాను.

"చెప్తే బయపడ్తావని చెప్పలే సుబ్బమ్మా," అన్నాడు నేల చూస్తూ. "నేనొచ్చినాక నేనే తీస్కపోయి చూపిద్దామనుకొన్యా. వచ్చేసరికి రెండేండ్లాయ. వచ్చి చూస్తే నువ్వు బాగానే ఉండావు. దోసెలు పోస్తాండావు, నగుతాండావు. ఇంగ అప్పుడు ఏమని చెప్పేది? చెప్తే ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదంటావు. అట్లట్లా పోయింది."

"బయపడేదాన్నే," అన్నాను. "బయపడి ఆర్నెల్లకొకసారి పోయేదాన్ని. బయపడి బతికేదాన్ని."

ఆయన విరిగిన చెయ్యిని ఇంకా దగ్గరికి లాక్కున్నాడు.

"మరి ఈ పొద్దు ఎందుకు సంపబోతివి వాన్ని?"

"మీ అన్నోళ్ళకు తెలిస్తే నన్ను నరుకుతారు."

అంతే సంగతి. మా అన్నలిద్దరూ కొండాపురం కాలనీలో ఉంటారు. మా పెద్దన్న గట్టు తగాదాలో ఒకడి చెయ్యి నరికి మూడేళ్ళు కడప జైల్లో ఉండి వచ్చినవాడు. వాళ్ళ భయానికి తమ్ముడి గొంతు కోయబోయాడు నా మొగుడు. దాన్ని చూసి, నాకోసమేనని ఆటోలో మురిసిపోయాను నేను. ఆ మురిపెం గుర్తొచ్చి నా మీద నాకే అసహ్యం వేసింది. మళ్ళీ ఆ గుండు ఎత్తి ఈసారి తల మీద వేద్దామనిపించింది. వంగాను కూడా.

వంగినప్పుడే లోపల ఏదో తెగినట్టయింది. నొప్పి పెద్దగా లేదు. రెండు తొడల నడుమ వెచ్చగా దిగింది, పాదం దాకా దిగింది. నేలంతా ఓబులేసు రక్తమే ఉంది కాబట్టి మొదట ఎవరూ గమనించలేదు. గులాబ్‌బీ గమనించింది. నా చీర కుచ్చిళ్ళు పట్టుకుని చూసి, జిలానీని కేకేసింది.

"అమ్మను పండుకోబెట్టు. ఇది గడ్డ కాడి రక్తం."

ఉతికిన గోనెపట్టా మీద పడుకోబెట్టి, చీర మీద కప్పుకున్న తన తెల్ల దుప్పట్టా మడిచి అక్కడ అదిమింది. ముప్పై ఏళ్ళు చేసిన పని, చేతులు మరవలేదు. నేను పడుకున్నచోటునుంచే ఆస్మాకు ఫోన్ చేశాను. ఆస్మా ప్రొద్దుటూరు పిల్ల, కరెంటు యంత్రం దగ్గర పనిచేస్తుంది. నా ఒంటి మీద రంగు గీతలు గీసి, రోజూ పొజిషన్ చూసి పడుకోబెట్టింది ఆ పిల్లే.

"ఎంత పోతాంది అమ్మా? బట్ట తడిసిందా?" అంది.

"ఒకటి తడిసింది. రెండోది పెట్టినారు."

ఫోను డాక్టరమ్మ తీసుకుంది. ఆమె మాట ఎప్పుడూ తిన్నగా ఉంటుంది, అందుకే నాకు ఆమె అంటే ఇష్టం. మొదటి రోజే నేను, బతుకుతానా లేదా అది చెప్పమ్మా అని అడిగితే, మీది రెండో దశ, లోపలి కరెంటు కూడా సరిగ్గా పడితే ఇట్లాంటివాళ్ళు పదిమందిలో ఆరేడుగురు అయిదేళ్ళు దాటుతున్నారు, బయటిదాంతోనే ఆపేస్తే అందులో ఒకరిద్దరు తగ్గిపోతారు అంది. ఆ ఒకరిద్దరి గురించే ఎనిమిది వారాలుగా ఆలోచిస్తున్నాను. వాళ్ళకూ అంగళ్ళుంటాయి, వాళ్ళకూ మొగుళ్ళుంటారు.

"వెంకటసుబ్బమ్మా, వినండి," అంది. "ముద్దనూరు దాకా మీరు ఎదురు రండి, ఇక్కడినుంచి అంబులెన్స్ పంపుతున్నా. కాళ్ళు ఎత్తులో పెట్టుకోండి. ఏమీ తినొద్దు, తాగొద్దు. రాగానే లోపల ప్యాకింగ్ పెట్టి ఆపుతాను. అది నిలిస్తే రేపు సూదులు ఆపను. ఆ గడ్డ రక్తాన్ని గట్టిగా ఆపేది కూడా చివరికి ఆ కరెంటే. పాత కాగితం దొరికిందా?"

"దొరికింది."

"ఏముంది?"

చదివాను. 

"ఆ కాగితం నాకు కావాలి," అంది. "అంచంతా అప్పట్నుంచే చెడి ఉందంటే నేను అనుకున్న చోటు చాలదు, సూదుల లెక్క మారుతుంది. అంచులో ఏ వైపో ఇంగ్లీషు పక్కన ఉంటుంది, అది చూడకుండా ఎంతవరకు గుచ్చాలో తేల్చలేను. మీతోనే తీసుకురండి. సరే, మీ ఆయన పక్కన ఉన్నారా? ఒకసారి ఫోనివ్వండి."

మా ఆయన మూడు అడుగుల దూరంలో ఉన్నాడు. విరిగిన చెయ్యి ఛాతీకి ఆనించుకుని, నా చీర కింద మడుగు కడుతున్న దాన్ని చూస్తున్నాడు. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి, అవి దొంగ నీళ్ళని అనను. ఏడవడం వచ్చిన మనిషే.

"లేడు," అన్నాను ఫోన్లో.

ఆయన విన్నాడు.

మండీవాళ్ళు ధైర్యం చేసి లోపలికొచ్చి ఓబులేసును ఊళ్ళో ఆసుపత్రికి మోసుకుపోయారు. గోనెపట్టాతో సహా నన్ను జిలానీ, ఇంకొకడు కలిసి ఆటో వెనక సీట్లో పడుకోబెట్టారు. గులాబ్‌బీ కింద కూర్చుని నా కాళ్ళు తన భుజం మీద పెట్టుకుని ఒక చేత్తో బట్ట అదిమి పట్టుకుంది. కాగితాన్ని నేను రవికలో దోపుకున్నాను. జిలానీ రక్తం మూతితోనే బండి స్టార్టు చేశాడు.

చేసినవాడు కదల్చలేదు.

తల కాస్త ఎత్తి చూశాను. మండీ గేటు రెండు స్తంభాల నడుమ మా ఆయన నిలబడి ఉన్నాడు. కుడిచెయ్యి వేలాడుతోంది. ఎడమ చేతిలో కత్తి ఉంది. జిలానీ తన్నిన చోటునుంచి ఎప్పుడు తీసుకున్నాడో ఎవరూ చూడలేదు. ఆ గేటు తప్ప మండీకి వేరే దారి లేదు.

"సుబ్బమ్మా, ఆ కాగితమిచ్చి పో," అన్నాడు. గొంతు ఇంకా ఏడుస్తూనే ఉంది. "నువ్వు పో, నేనేం అడ్డం రాను. కాగితమొక్కటి ఇచ్చిపో. మీ అన్నోళ్ళకు చూపిచ్చేదానికి ఏమీ ఉండగూడదు నీకాడ. నేను బతకాల గదా."

"నాకు సూదులు గుచ్చేదానికి కావాల అది," అన్నాను.

"ఇంగో కాపీ తెప్పిస్తా."

"యాడనుంచి తెప్పిస్తావు?"

 కత్తి ఎత్తి ఆటో ముందద్దం మీద ఒక్క వేటు వేశాడు. అద్దం జిలానీ ఒళ్ళోకి రాలింది. కత్తిని చంకలో ఇరికించుకుని, అదే చెయ్యి లోపలికి, నా వైపు చాపాడు, కాగితం కోసం. వేళ్ళు తెరిచి ఆడించాడు, అంగట్లో చిల్లర అడిగినట్టు.

"మూడో బట్ట తడుస్తాంది అమ్మా," అంది గులాబ్‌బీ నెమ్మదిగా. "ఈడ నిలబడే టైము లేదు."

జిలానీ చొక్కా మీది గాజు ముక్కలు దులుపుకోలేదు. పైనున్న చిన్న అద్దంలోంచి నా మొహం చూశాడు.

"అక్కా, అన్న ముందర నిలబడుకోనుండాడు."

"కనపడ్తాండాడులే," అన్నాను. "బండి పోనీ."